లోపల నూనె, బయట రంగు: అంబాసిడర్ ఇంజనుతో నా అనుభవం

మా కావలిలో ఏ మెకానిక్ షెడ్డుకెళ్ళి "ఇంజనుకు రంగేయాలి" అన్నా ముందు ఎదురయ్యే ప్రశ్న ఒకటే: "బండి అమ్ముతున్నారా?" పాత కార్ల బేరగాళ్ళు చేసిపెట్టిన పుణ్యం అది. ఆయిలు కారే ఇంజనును పైపైన నీళ్ళతో కడిగేసి, సిల్వర్ పెయింటు ఒక కోటింగ్ కొట్టి బేరానికి పెడతారు. కొన్నవాడు ఇంటికి తోలుకెళ్ళిన వారానికి అసలు రంగు బయటపడుతుంది. అందుకే మా మెకానిక్ భాయ్‌కి మెరిసే ఇంజను చూస్తేనే అనుమానం. నాకేమో బండి అమ్మే ఉద్దేశం లేదు. కారితే ఎక్కడ కారుతోందో కనపడాలనే రంగు వేయించాలనుకున్నాను. ఈ ముక్క ఆయన బుర్రకెక్కించడానికి చాలా టీలు ఖర్చయ్యాయి.

"ఇంజనుకు పౌడర్ పూస్తే పికప్ ఏమన్నా పెరుగుద్దా సారూ?" అని ఒకటే ఎగతాళి.

"పెరగదు భాయ్. తుప్పు పట్టదు, కారేది కనపడుద్ది. నాకంతే చాలు."

"సరే, మీ డబ్బు మీ ఇష్టం. నా పని నేను చేస్తా. రంగు పని కాడికి మాత్రం నన్ను పిలవబాకండి."

చివరికి ఆ పనిలో సగం ఆయన చేతులమీదే జరిగిందనుకోండి.

బండి మా నాన్న కొన్న మార్క్ 4 అంబాసిడర్. పెట్రోలుది, 1489 సీసీ. ఆ ఇంజను పుట్టుక మన దేశంలో కాదు. బ్రిటన్‌లో బీఎంసీ కంపెనీ తయారుచేసిన బీ సిరీస్ ఇంజను అది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 కారును తీసుకుని హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళు కలకత్తా పక్కన ఉత్తరపారాలో అంబాసిడర్‌గా 1950ల చివరినుంచి 2014 దాకా తయారుచేశారు. మొదట్లో వచ్చిన సైడ్ వాల్వ్ ఇంజను పోయి, ఆ తర్వాత ఈ 1489 సీసీది వచ్చింది. ఎంజీఏ అనే స్పోర్ట్స్ కారులో ఉన్నదీ ఇదే కుటుంబం. మనకు దానివల్ల ఒరిగేదేమిటంటే, బ్రిటన్‌లో పాత కార్ల పిచ్చోళ్ళు ఈ ఇంజనులో నట్టు నట్టుకీ జాతకం రాసిపెట్టారు. మనం చదువుకోవచ్చు. సిలిండర్లుండే బ్లాకు పోత ఇనుము, దానిమీద కూర్చునే హెడ్డు కూడా పోత ఇనుమే. అడుగున నూనె నిలిచే ఆయిల్ చాంబర్, ముందు టైమింగ్ కవర్, పైన ట్యాపెట్ కవర్, పొగ బయటికి పోయే మ్యానిఫోల్డ్ కింద దాక్కున్న రెండు పక్క మూతలు రేకువి. రంగు పని చేసేవాడికి ఈ లెక్క తెలిసి ఉండాలి. ఎందుకో తర్వాత చెప్తాను.

ఇంజను పొగ కక్కుతోంది, ఆయిలు తాగుతోంది. బోరు చేయించక, అంటే అరిగిన సిలిండర్లను లోపల కోయించి సరిచేయించక, తప్పదని తేలింది. చైన్ పుల్లీ కట్టి ఇంజను కిందికి దించాక చూస్తే, ఎవరో ఎప్పుడో కొట్టిన సిల్వర్ రంగు అట్టలు అట్టలుగా లేచి వస్తోంది. గోటితో గీకితే అరచేతి వెడల్పున ఊడింది. దాని కింద ఇనుము లేదు, నల్లటి మడ్డి ఉంది. అంటే ఆ మహానుభావుడు జిడ్డు మీదే రంగు కొట్టాడు. రంగు ఇనుమును పట్టుకోలేదు, జిడ్డును పట్టుకుంది. వేడెక్కినప్పుడల్లా కింద మడ్డి మెత్తబడింది, రంగు దానితోపాటు కదిలిపోయింది.

అక్కడే నాకు ఒక సంగతి ఖాయమైంది. ఈ పనిలో పెయింటు డబ్బా ఆఖరి అంకం. అసలు కథంతా జిడ్డుతోనే.

మన షెడ్లలో ఇంజను కడగడమంటే డీజిలు పోసి బ్రష్‌తో రుద్దడం. మడ్డి పోవడానికి అది బాగానే పనికొస్తుంది, కాదనను. కానీ డీజిలైనా కిరసనాయిలైనా ఎండిపోయాక కంటికి కనపడని నూనె పొర ఒకటి వదిలిపెడుతుంది. దానిమీద ఏ రంగూ నిలవదు. కాబట్టి డీజిలుతో మొదటి మడ్డి వదిలించి, ఇరుకుల్లో ఉన్నది పాత స్క్రూడ్రైవర్‌తో, గరిటెలాంటి స్క్రేపర్‌తో గీకి, ఆ తర్వాత కాస్టిక్ సోడా నీళ్ళలో ఉడకబెట్టే చోటుకు పంపాం. మా లేత్ వర్క్స్ నెల్లూరులో. వాళ్ళకు వచ్చే పనిలో ఎక్కువ భాగం ట్రాక్టర్లు, రొయ్యల చెరువుల మీద పనిచేసే డీజిల్ ఇంజన్లు. కాస్టిక్ తొట్టి వాళ్ళదగ్గరే ఉంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. కాస్టిక్ సోడా ఇనుమును ఏమీ చేయదు, రంగునీ జిడ్డునీ తినేస్తుంది. అదే అల్యూమినియం కనపడితే మాత్రం దాన్నే తినేస్తుంది. తొట్టిలో బుసబుసా పొంగి వాయువు లేస్తుంది, అది మండే వాయువు. కార్బొరేటర్, పెట్రోలు పంపు లాంటి అల్యూమినియం, జింకు సామాన్లన్నీ ముందే విడదీసి పక్కన పెట్టాలి. క్యామ్ షాఫ్ట్ బేరింగ్‌లకు లోపల తెల్లలోహం పూత ఉంటుంది. వాటినీ తీయించి, తర్వాత కొత్తవి వేయించాం. ఎలాగూ అరిగిపోయే ఉన్నాయి. ఆయిలు దారుల చివర్లలో ఉండే చిన్న స్క్రూ ప్లగ్గులు కూడా ఊడదీయించమని గట్టిగా చెప్పాను. అవి తీయకుండా ఉడకబెడితే మూలల్లో మడ్డి అక్కడే కూర్చుంటుంది, కాస్టిక్ కూడా అక్కడే నిలిచిపోతుంది.

బ్లాకు పక్కల ఉండే డమ్మీ ప్లగ్గులు, అంటే నీళ్ళ జాకెట్‌కు బయటివైపున మూతలుగా కొట్టిన రేకు బిళ్ళలు, ఊడదీస్తే లోపలినుంచి ఎర్రటి బురద గుప్పిళ్ళకొద్దీ వచ్చింది. దీనికి కారణం వెతకడానికి దూరం పోనక్కర్లేదు. మాది సముద్రానికి దగ్గరి ఊరు, తుమ్మలపెంట బీచి పక్కనే. మా వైపు చాలా బోర్లలో నీళ్ళు ఉప్పగా ఉంటాయి. దారిలో ఎక్కడ నీళ్ళు తగ్గితే అక్కడి బోరు నీళ్ళే రేడియేటర్లో పోసుకుంటూ వచ్చాం, ఏళ్ళ తరబడి. ఒక బిళ్ళ లోపలివైపు పూర్తిగా తుప్పు తినేసి, బయటివైపు పాత సిల్వర్ పెయింటు ఆధారంతో నిలబడి ఉంది. భాయ్ దాన్ని బొటనవేలితో నొక్కితే చిల్లిపడింది. "చూశారా, రంగు పట్టుకోనుండాది దీన్ని!" అని నవ్వాడు. రంగు వేసే ముందు ఈ బిళ్ళలన్నీ కొత్తవి కొట్టించుకోవాలి. ఇంజను బండిలోకి ఎక్కాక వెనకవైపు బిళ్ళ మార్చడమంటే గేరుబాక్సు దించాలి.

ఇసుక బ్లాస్టింగ్ చేయిస్తే ఒక్కరోజులో తెల్లగా వస్తుందని లేత్ కుర్రాడు సలహా ఇచ్చాడు. వద్దన్నాను. ఇసుక రేణువు ఒక్కటి ఆయిలు దారిలో మిగిలినా కొత్త బేరింగ్‌ల పని అయిపోయినట్టే. బయటి తుప్పుకు గ్రైండరుకు తగిలించిన వైరు చక్రం చాలు. కోసి నున్నగా చేసిన ముఖాల మీదికి మాత్రం అది పోకూడదు. రెండు ముఖాల మధ్య కారకుండా పెట్టే ప్యాకింగ్ కూర్చునే చోట గీతలు పడితే తర్వాత ఎంత మంచి ప్యాకింగ్ వేసినా కారుతుంది.

రంగు ఎప్పుడు వేయాలన్నది ఇంకో పెద్ద చర్చ. లేత్‌కు పంపేముందు వేస్తే అర్థం లేదు, కాస్టిక్‌లో పోతుంది, బిగింపుల్లో గీతలు పడుతుంది. అంతా బిగించాక ఒక్కసారిగా కొట్టడం చాలామంది పద్ధతి. చాంబరు, కవర్లు అన్నీ బిగించి ఉంటే కంతలన్నీ వాటంతటవే మూసుకుపోతాయి, మాస్కింగ్ పని తగ్గుతుంది. అయితే బిగించేటప్పుడు పూసిన ఆయిలు అంచుల్లోంచి ఊరుతూనే ఉంటుంది. ప్యాకింగ్ అంచుల మీద, నట్ల మీద కూడా రంగు పడుతుంది. తర్వాత ఎప్పుడు ఒక కవరు విప్పినా రంగు పెచ్చు లేస్తుంది. నేను విడివిడిగా వేయడానికే మొగ్గాను. బ్లాకు వేరే, హెడ్డు వేరే, రేకు సామాన్లు వేరే. శ్రమ ఎక్కువే. కానీ విప్పినప్పుడు శుభ్రంగా విడిపోతాయి.

బోరింగ్, బోరును రాళ్ళతో రుద్ది సాపుచేసే హోనింగ్, పిస్టన్లు తిప్పే ఇరుసైన క్రాంకుకు గ్రైండింగ్, హెడ్డు ముఖం చదునుచేసే ఫేసింగ్ ముగిసి సామాను ఆటోలో కావలి చేరింది. అప్పటినుంచి మొదలైంది అసలు గొడవ.

హోనింగ్ చేసిన బోరులో రాతి పొడి మిగిలి ఉంటుంది. అది పెట్రోలుతోనో థిన్నర్‌తోనో తుడిస్తే పోదు. వేడినీళ్ళు, సబ్బుపొడి, నైలాన్ బ్రష్ కావాలి. తెల్లగుడ్డ పెట్టి తుడిస్తే గుడ్డ తెల్లగానే బయటికి రావాలి, అప్పటిదాకా కడుగుతూనే ఉండాలి. కడిగిన మరుక్షణం కంప్రెసర్ గాలితో నీళ్ళు తరమాలి. అప్పటికే పోత ఇనుము మీద నారింజ రంగు పొర మొదలవుతుంది. మా ఊరి గాలిలో మరీ త్వరగా. మా భాయ్ రొయ్యల చెరువుల జనరేటర్లు బాగుచేసే మనిషి కాబట్టి ఈ విషయంలో ఆయనకు నా ఉపన్యాసం అక్కర్లేకపోయింది. గాలి కొట్టడం ఆగీ ఆగకముందే ఇంజను ఆయిలు చేతిలో పోసుకుని బోర్లకు రాయడం మొదలుపెట్టాడు. బోర్లకు, బేరింగ్ కూర్చునే చోట్లకు, ట్యాపెట్ కంతలకు నూనె రాయాలి, రాయకపోతే తెల్లారేసరికి తుప్పు.

కానీ అదే బ్లాకు బయటి గోడకు నూనె వాసన కూడా తగలకూడదు. ఈ పనిలో ఉన్న చిక్కంతా ఇదే. ఒకే ఇనుప ముద్ద, లోపల నూనె లేకపోతే పాడవుతుంది, బయట నూనె ఉంటే రంగు నిలవదు. రెండింటికీ మధ్య ఉన్న హద్దు ఒక అంచు మాత్రమే. భాయ్ ప్రేమగా బోరుకు రాసిన నూనె అంచు దాటి పక్కగోడ మీదికి ఒక చారికగా జారింది. ఆ చేత్తోనే బ్లాకు తిప్పితే అయిదు వేళ్ళ ముద్రలు పడ్డాయి. అప్పటినుంచి ఇద్దరికీ పనులు పంచుకున్నాం. లోపలి పని ఆయనది, బయటి పని నాది. నూనె చేయి బయట తగలదు, నేను కొత్త రబ్బరు తొడుగులు లేకుండా బ్లాకు ముట్టుకోను. చేతి చెమటలోని ఉప్పు కూడా తుప్పుకు విత్తనమే.

బోర్ల పైన మందపాటి ప్లాస్టిక్ కవరు పరిచి, దానిమీద పాత హెడ్డు ప్యాకింగ్ పెట్టి నాలుగు నట్లతో బిగించాం. పాత ప్యాకింగ్‌లు పారేయకండి. వాటిని మించిన మాస్కింగ్ లేదు, ఎందుకంటే ముఖం ఆకారానికి అచ్చంగా సరిపోతాయి. చాంబరు కూర్చునే అడుగుకు, టైమింగ్ కవరు ముఖానికి, పక్క మూతల ముఖాలకు కూడా అదే ఉపాయం. ప్యాకింగ్ దొరకని చోట మాస్కింగ్ టేపు అతికించి, అంచు వెంబడి బ్లేడుతో కోశాను.

ఇక బయటివైపు థిన్నర్ గుడ్డ. ఒక గుడ్డతో తడిపి, ఆరకముందే ఇంకో పొడి గుడ్డతో తుడవాలి. తడిపిన గుడ్డతోనే తుడుస్తూ పోతే జిడ్డును ఒకచోటినుంచి ఇంకోచోటికి మోయడమే అవుతుంది. గుడ్డలో నలుపు రావడం ఆగిపోయాక పని అయిపోయిందనుకుంటాం. కాలేదు. పోత ఇనుముకు సన్నసన్నటి రంధ్రాలుంటాయి. దశాబ్దాలుగా తాగిన నూనె అందులో దాగి ఉంటుంది. బ్లాకును మే నెల ఎండలో పెట్టాం. మా వైపు ఆ ఎండ గురించి చెప్పక్కర్లేదు, రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండ. మధ్యాహ్నానికి ఇనుము చెయ్యి పెట్టలేనంత కాలింది. పొద్దున శుభ్రంగా ఉన్న గోడమీద, ముఖ్యంగా ఆయిలు ఫిల్టరు కూర్చునే చోట, ఎండలో నడిచొచ్చిన మనిషి నుదుటిమీదలా నూనె చెమట పట్టింది. తుడిచాం. మళ్ళీ ఎండ, మళ్ళీ చెమట, మళ్ళీ తుడుపు. నెల్లూరు ఎండను తిట్టనివాడు ఉండడుగానీ, ఆ పూట మాత్రం నేను దానికి రుణపడ్డాను. చలిదేశాల్లో ఇదే పనికి హీట్ గన్ను పెట్టుకుని గంటలు గంటలు నిలబడాలి.

శుభ్రమైందో లేదో తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. గోడమీద నీళ్ళు చిలకరించాలి. నీరు పలచగా పరుచుకుని పొరలా నిలబడితే జిడ్డు లేనట్టు. ముత్యాల్లా ముద్దలు కట్టి విడిపోతే ఇంకా ఉన్నట్టు. తామరాకు మీద నీటిబొట్టు తెలిసిన మనకు ఇది కొత్త సంగతేమీ కాదు. పరీక్ష కాగానే గాలి కొట్టి ఆరబెట్టేయాలి, లేదంటే మళ్ళీ తుప్పు. మిగిలిన కాస్త తుప్పు మచ్చలకు ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న తుప్పు మందు బ్రష్‌తో రాసి, కడిగి, ఆరబెట్టాను. అది నున్నటి ముఖాల మీద, బోర్ల మీద పడకుండా చూసుకోవాలి.

మాస్కింగ్ గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే పెయింటర్లు ఇక్కడే తొందరపడతారు. రంగు ఎక్కడ పడకూడదో వాళ్ళకు తెలియదు, ఎందుకంటే వాళ్ళు బాడీకి వేసేవాళ్ళు. నేను చాక్‌పీసుతో గీతలు గీసి చూపించాను. సెల్ఫ్ మోటారు కూర్చునే ముఖం, ఎర్తు పట్టీ బిగించే చోటు ఉత్త ఇనుముగానే ఉండాలి. అక్కడ రంగు ఉంటే కరెంటుకు తిరుగుదారి సరిగ్గా దొరకదు, కొత్త బ్యాటరీ పెట్టినా సెల్ఫ్ మూలుగుతుంది. ఆయిలు ప్రెషరు స్విచ్చి దాని మరలోంచే ఎర్తు తీసుకుంటుంది, ఆ కంతలోకి రంగు పోకూడదు. హెడ్డు నట్ల కింద వాషర్లు కూర్చునే వలయాలు కూడా అంతే. అక్కడ రంగు పొర ఉంటే ఇంజను వేడెక్కాక అది నలిగి, బిగింపు సడలుతుంది. స్పార్కు ప్లగ్గు కంతల్లోకి పాత ప్లగ్గులే బిగించాం. బోల్టు కంతల్లోకి కాగితం చుట్టలు. బెల్టు నడిచే పుల్లీ గాడికి టేపు.

ఇంజను నంబరు కొట్టిన చోటు సంగతి వేరు. దానిమీద రంగు లావుగా పడితే అంకెలు పూడిపోతాయి. రేపు ఆర్టీయే ఆఫీసులో రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు పోతే ఇన్‌స్పెక్టర్ ముందు బ్లేడుతో గీకుతూ కూర్చోవాలి. అక్కడ పలచగా ఒక్క పూత చాలని పెయింటర్‌కు చెప్పాను. "అన్నా, మీరు ఇంజనుకు కాదు, పెళ్ళికూతురికి మేకప్ చేపిస్తన్నట్టు ఉండాది" అన్నాడు. ముందు భాయ్ పౌడరు, ఇప్పుడు ఇతని మేకప్. ఊరంతా ఒకటే హాస్యం.

ఏ పెయింటు? హార్డ్‌వేర్ షాపులో మొదట చేతికిచ్చేది సింథటిక్ ఎనామిల్. గేట్లకు, కిటికీలకు వేసేది. ఇంజను మీద అది కొన్నాళ్ళు ఉంటుంది, ఆ తర్వాత పసుపెక్కి పెళుసుబారుతుంది. పెట్రోలు చుక్క పడితే మెత్తబడుతుంది. రెండోది హీట్ రెసిస్టెంట్ అల్యూమినియం పెయింటు. వేడికి మంచిదే, బాయిలర్లకు, పొగగొట్టాలకు అదే వేస్తారు. కానీ సిల్వర్ రంగు మీద ఆయిలు చారిక సరిగ్గా కనపడదు, నా అవసరమే తీరదు. పైగా పాత సిల్వర్ చేసిన మోసం ఇంకా మర్చిపోలేదు. బ్లాకు బయట వేడి మనం ఊహించుకున్నంత ఉండదు. నీళ్ళు 80, 90 డిగ్రీల దగ్గర తిరుగుతుంటాయి, గోడ దానికి కాస్త అటూ ఇటూ ఉంటుంది. నిజంగా మండేది ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్, అది వందల డిగ్రీలు. రెండింటికీ ఒకే పెయింటు వెతకడం దండగ.

కాబట్టి బ్లాకుకు, హెడ్డుకు ఎపాక్సీ ప్రైమరు, దానిమీద కారు బాడీకి వాడే రెండు డబ్బాల పీయూ (పాలీయురెథేన్) పెయింటు. హార్డెనర్ కలిపేది. గట్టిపడ్డాక పెట్రోలుకు, ఆయిలుకు లొంగదు. రంగు లేత బూడిద. తెలుపు వేయమని పెయింటర్ అన్నాడుగానీ, తెల్ల ఇంజను మీద దుమ్ము కూడా నేరంలా కనపడుతుంది. లేత బూడిద మీద నల్ల ఆయిలు, ఎర్ర తుప్పునీళ్ళు రెండూ విడివిడిగా తెలుస్తాయి. చాంబరుకు, కవర్లకు నలుపు. మ్యానిఫోల్డుకు సిలికాన్ రకం హై టెంపరేచర్ నలుపు స్ప్రే. దానికి మామూలు ప్రైమరు వేయకూడదు, ఉత్త ఇనుము మీదే కొట్టాలి. అది ఇంజను వేడితో మెల్లమెల్లగా కాలితేనే గట్టిపడుతుంది.

పీయూ హార్డెనర్‌లో ఐసోసయనేట్లనే రసాయనాలు ఉంటాయి. ఊపిరితిత్తులకు అవి చాలా చెడ్డవి, ఒకసారి పడకపోవడం మొదలైతే ఆస్తమా జీవితాంతం వదలకపోవచ్చు. మన పెయింటర్లు ముక్కుకు చేతిరుమాలు కట్టుకుని కొడతారు. రుమాలు ఆ ఆవిరిని ఆపదు. కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు ఒకటి కొని ఇచ్చాను. మొదట మొహమాటపడ్డాడు, ఊపిరాడట్లేదన్నాడు, తర్వాత పెట్టుకున్నాడు. పని అయిపోయాక మాస్కు తిరిగి అడగలేదు. అది అతని దగ్గరే ఉంటేనే మంచిది.

వేళ కూడా చూసుకోవాలి. మా దగ్గర తెల్లవారుజామున సముద్రపు తేమ గాలిలో బాగా ఉంటుంది. రాత్రంతా చల్లబడిన ఇనుము మీద ఆ తేమ దిగుతుంది, కంటికి కనపడదు. ఆ సమయంలో కొడితే రంగు మబ్బేసినట్టు తెల్లబారుతుంది. మధ్యాహ్నం కొడితే ఎండకు, వడగాలికి రంగు గాలిలోనే ఆరిపోయి పొడిలా వచ్చి పడుతుంది, గరుకు తేలుతుంది. సాయంత్రం హైవే మీది దుమ్మంతా షెడ్డులోకే. మిగిలింది ఎండ ఎక్కి తేమ విరిగాక, వడగాలి లేవకముందు ఉండే కాస్త సమయం. ఆలోపు పని కానియ్యాలి. పెయింటర్ థిన్నరు కూడా నిదానంగా ఆరే రకం తెచ్చాడు. కంప్రెసర్ ట్యాంకు అడుగున మర తిప్పితే నీళ్ళు బుస్సున వచ్చాయి. ఆ నీళ్ళు తీయకపోతే గన్నులోంచి రంగుతోపాటు అవీ వస్తాయి.

ప్రైమరు ముందు బ్రష్‌తో మూలల్లోకి, డమ్మీ ప్లగ్గుల చుట్టూ, గట్ల వెనక పూశాం. గన్ను గాలి ఆ సందుల్లోంచి వెనక్కి తన్నుతుంది, రంగు లోపలికి పోదు. ఆ తర్వాతే గన్ను. పోత ఇనుము ఎలాగూ గరుకు కాబట్టి బ్రష్ గీతలు ఎవరికీ కనపడవు. నిజానికి కంప్రెసర్ దొరకని వాళ్ళు మొత్తం బ్రష్‌తోనే వేసుకున్నా నష్టం లేదు. పైరంగు పలచ పలచగా పూతలు, ప్రతి పూతకీ మధ్య కాస్త విరామం. ఒక్కసారే లావుగా కొడితే జారుతుంది, లావు పొర దెబ్బ తగిలితే పెచ్చులా ఊడుతుంది కూడా. హెడ్డుకు మరీ పలచగా.

చివరి పూత పూర్తిగా గట్టిపడకముందే, వేలికి అంటీ అంటనట్టు ఉన్నప్పుడే మాస్కింగ్ టేపులు పీకేశాను. పూర్తిగా ఎండాక పీకితే అంచు రంగు టేపుతోపాటు వస్తుంది. పాత ప్యాకింగ్‌లు తీసి చూస్తే ముఖాలు అద్దాల్లా ఉన్నాయి. బోర్లలో భాయ్ రాసిన నూనె అలాగే ఉంది. ఆయన వచ్చి వేలు పెట్టి చూసి, "ఊ" అన్నాడు. ఆయన నోట ఆ అక్షరం రావడం చిన్న విషయం కాదు.

బిగింపుకు ముందు రంగును కొన్నాళ్ళు వదిలేశాం. భాయ్‌కి అది నచ్చలేదు, షెడ్డులో చోటు దండగ అని. ముట్టుకుంటే ఆరినట్టే ఉంటుందిగానీ స్పానరు తగిలితే లోపల మెత్తదనం తెలుస్తుంది. బిగించే ముందు బోర్లు, ఆయిలు దారులు మళ్ళీ ఒకసారి గాలి కొట్టి, తుడిచి, కొత్త ఆయిలు పట్టించారు. పుల్లీ మీది టైమింగ్ గీతను నేను సన్నటి బ్రష్‌తో తెల్లగా దిద్దాను. కొత్త ఇంజనులో అయినా ఆ గీత వెతుక్కోవడం చిరాకే. సిలిండర్లు మండే 1-3-4-2 వరస భాయ్‌కి కంఠతా వచ్చు.

ఇంజను ఎక్కించి మొదటిసారి స్టార్టు చేసినప్పుడు మ్యానిఫోల్డు పొగలు కక్కింది. చూడ్డానికి వచ్చినవాళ్ళు కంగారుపడ్డారు. అది సిలికాన్ పెయింటు కాలడం. కాసేపు నడిపి, ఆపి, చల్లారనిచ్చి, మళ్ళీ ఇంకాస్త ఎక్కువసేపు నడపడం, ఇట్లా దశలుగా చేస్తే అది గట్టిపడింది. తర్వాత హెడ్డు నట్లు మళ్ళీ బిగించి, ట్యాపెట్ గ్యాపు సరిచూశారు.

రంగు పనికి ఫలితం త్వరగానే దొరికింది. బూడిద రంగు గోడమీద, మ్యానిఫోల్డు కిందుగా, సన్నటి గోధుమ రంగు చారిక. పైకి వెతుక్కుంటూ పోతే వెనక పక్కమూత అంచు. ఈ ఇంజన్లలో ఆ రెండు మూతలు కారడం ప్రపంచమంతా తెలిసిన రోగమే. వాటికి కార్కు ప్యాకింగ్, మధ్యలో బోల్టు. బోల్టును ఎక్కువ బిగిస్తే రేకు మధ్యలో లోపలికి వంగి అంచులు లేస్తాయి, ఇంకా ఎక్కువ కారుతుంది. పాత మడ్డి ఇంజను అయితే ఇది తెలియడానికి నెలలు పట్టేది, అప్పటికి ఎక్కడిదో తేలక చాంబరు ప్యాకింగ్ మార్చేవాళ్ళం. భాయ్ మూత విప్పి, అంచులు చదునైన పలక మీద పెట్టి సుత్తితో సరిచేసి, కొత్త కార్కు వేసి, ఈసారి చేత్తో తిప్పినంత మెత్తగా బిగించాడు. రంగు పెచ్చు లేవలేదు, విడివిడిగా వేసిన లాభం అక్కడ కనపడింది.

హెడ్డు మీద ఎగ్జాస్టు ద్వారాల చుట్టూ బూడిద రంగు కాస్త గోధుమబారింది. పీయూ భరించే వేడికి అది అంచు. ఊడలేదు, రంగు మారింది అంతే. మళ్ళీ వేయించాల్సి వస్తే ఆ పట్టీ వరకు హై టెంపరేచర్ పెయింటు వేయిస్తాను.

వెనక గేరుబాక్సు బెల్ హౌసింగ్ కిందినుంచి మాత్రం ఇప్పటికీ అప్పుడప్పుడు చుక్కలు పడతాయి. దానికి రంగు ఏం చేయలేదు. ఈ ఇంజనుకు క్రాంకు వెనక రబ్బరు సీలు లేదు, ఆయిలును మళ్ళీ లోపలికే తోసే మరలాంటి గాడి ఒక్కటే ఉంది. ఇంజను తిరుగుతున్నంతసేపూ అది తన పని చేస్తుంది, ఆపాక చుక్క దిగుతుంది. భాయ్ ఒక పాత రేకు ట్రే ఇచ్చాడు. పోర్టికోలో బండి కింద పెట్టుకున్నాను.